టీనేజ్ పాపతో 80ల నాటి హైస్కూల్ కామెడీ: ఏది ముందు, ఎలా చూపించాలి?

నేపర్‌విల్ నాన్న:

అందరికీ నమస్కారం. పాపకి 14, బాబుకి 12. పాప స్నేహితురాళ్ళు జాన్ హ్యూస్ అనే దర్శకుడి సినిమాలు చూస్తున్నారట, మనమూ చూద్దామంటోంది. మేముండేది చికాగో పక్కనే, వాటిలో చాలావరకు ఇటువైపే తీశారు కాబట్టి నాకూ సరదాగానే ఉంది. ఈ శనివారం రాత్రి పెట్టుకుందామనుకుంటున్నాం.

అమెరికా రేటింగుల్లో సిక్స్‌టీన్ క్యాండిల్స్‌కి పీజీ (పెద్దలు చూసుకుని పిల్లలకి చూపించచ్చు) అని ఉంది, ఫెర్రిస్ బ్యూలర్స్ డే ఆఫ్‌కి పీజీ-13 (13 లోపు పిల్లలకి ఇంకాస్త జాగ్రత్త), ద బ్రేక్‌ఫస్ట్ క్లబ్‌కి ఆర్ (17 లోపువాళ్ళు పెద్దలతోనే). ఈ లెక్కన సిక్స్‌టీన్ క్యాండిల్స్‌తో మొదలుపెడితే సేఫ్ కదా? పైగా ఇండియా నుంచి మా అత్తగారు వచ్చి ఉన్నారు. ఆవిడ హాల్లోనే కూర్చుంటారు, లోపలికి వెళ్ళమనలేం. ఇబ్బందిపెట్టే సీన్ వస్తే ఫార్వర్డ్ చేయాలా, అలాగే వదిలేయాలా? సినిమా అయ్యాక ఏమైనా మాట్లాడాలా? "లెక్చర్ మాత్రం వద్దు నాన్నా" అని పాప ముందే చెప్పేసింది.

పాత క్యాసెట్:

రేటింగ్ చూసి మీరు వేసుకున్న వరస సరిగ్గా తలకిందులైంది అండి. ఎందుకో చెప్తాను.

సిక్స్‌టీన్ క్యాండిల్స్ విడుదలైంది 1984 మే నెలలో. పీజీ-13 అన్న రేటింగ్ పుట్టిందే ఆ ఏడాది జులై 1న. అంతకుముందు పీజీకీ ఆర్‌కీ మధ్య మెట్టు లేదు. ఆర్ ఇచ్చేంత ఘోరం కాదనిపించినవన్నీ పీజీ గంపలోనే పడేవి. అందుకే ఈ "పీజీ" సినిమా మొదట్లోనే షవర్ గదిలో బట్టల్లేని అమ్మాయి కనిపిస్తుంది, ఎఫ్ అక్షరం బూతూ వినిపిస్తుంది. కాబట్టి 1984 జులైకి ముందు వచ్చిన ఏ సినిమా మీదైనా పీజీ అని ఉంటే దాన్ని పీజీ-13గానే లెక్కేసుకోండి, కొన్నిటిని ఇంకా పైన. ఇంకో తిరకాసు ఉంది. ఫలానా రేటింగ్ ఎందుకిచ్చారో కారణం రాయడం 1990 నుంచే మొదలైంది. అంతకుముందు సినిమాలకి వట్టి అక్షరమే ఉంటుంది, ఎందుకన్నది మీరే వెతుక్కోవాలి. ఐఎండీబీలో ప్రతి సినిమా కింద పేరెంట్స్ గైడ్ అని ఉంటుంది. సెక్స్, హింస, బూతులు, మందూ సిగరెట్లూ, భయపెట్టే సీన్లు అని విడివిడిగా రాస్తారు. అక్కడ చూసుకోవచ్చు. చదవబోయే ముందు ఒక మాట: కథ మొత్తం అందులో బయటపడిపోతుంది.

షవర్ సీన్ పది సెకన్లలో పోతుంది లెండి. సిక్స్‌టీన్ క్యాండిల్స్‌లో అంత తేలిగ్గా పోనివి రెండున్నాయి. ఒకటి లాంగ్ డక్ డాంగ్ పాత్ర. ఎక్స్‌ఛేంజ్ స్టూడెంట్‌గా వచ్చిన ఆసియా కుర్రాడు. వాడు తెర మీదికి వస్తే చాలు, వెనకాల గాంగ్ (పెద్ద కంచు గంట) మోగుతుంది. వాడు ఆసియా వాడు కావడమే అక్కడ జోకు, వేరే జోకేమీ లేదు. ఇక్కడి స్కూల్లో ఆ కంటితోనే చూడబడే మన పిల్లల పక్కన కూర్చుని ఆ గంట వినడం వేరే అనుభవం. రెండోది చివర్లో వస్తుంది. హీరో తన గర్ల్‌ఫ్రెండ్ తాగి ఒళ్ళు తెలియని స్థితిలో ఉంటే కారు తాళాలతో సహా ఇంకో కుర్రాడికి అప్పగిస్తాడు. మర్నాడు వాళ్ళిద్దరి మధ్య ఏం జరిగిందో ఇద్దరికీ గుర్తుండదు, సినిమా దాన్ని నవ్వులాటగా దాటేస్తుంది. ఆ సినిమా హీరోయిన్ మాలీ రింగ్‌వాల్డే 2018లో న్యూయార్కర్ పత్రికలో ఈ సినిమాలన్నిటినీ మళ్ళీ తరచి చూస్తూ పెద్ద వ్యాసం రాసింది. ఆవిడ తన కూతురితో కలిసి బ్రేక్‌ఫస్ట్ క్లబ్ చూసిన సందర్భమే అందుకు మూలం. మీ పని కూడా అదే కాబట్టి శనివారానికి ముందు చదివిపెట్టుకోండి.

బ్రేక్‌ఫస్ట్ క్లబ్ (1985, 97 నిమిషాలు) కామెడీ అనిపించుకుంటుంది గానీ ముప్పాతిక భాగం ఒక గదిలో ఐదుగురు కూర్చుని మాట్లాడుకోవడమే. ఆర్ రావడానికి బూతులు పెద్ద కారణం, గంజాయి సీనొకటి ఉంది. వాటికన్నా బరువైన సంగతి బ్రయాన్ అనే కుర్రాడిది. ఒక సబ్జెక్టులో ఎఫ్ (ఫెయిల్) వచ్చిందని, చచ్చిపోవాలనుకుని లాకర్‌లో ఫ్లేర్ గన్ (మంట సిగ్నల్ వదిలే తుపాకీ) తెచ్చి పెట్టుకున్నాడని చివరివైపు బయటపడుతుంది. మార్కుల కోసం ఇంట్లో పోరు పడే పిల్లవాడి నోటి నుంచి ఆ మాట వస్తుంది. మన ఇళ్ళలో ఆ సీన్ మామూలుగా దాటిపోదు. 15, 16 వచ్చాక, ఇద్దరే కూర్చుని చూడాల్సిన సినిమా అది. 12 ఏళ్ళ తమ్ముడూ అమ్మమ్మా పక్కనుండగా కాదు.

మిగిలింది ఫెర్రిస్ బ్యూలర్. 1986, పీజీ-13, 103 నిమిషాలు. మీ ఇంటికి సరిగ్గా సరిపోయేది ఇదే. అక్కడక్కడా బూతు మాటలున్నాయి, నర్సు వేషంలో వచ్చి పాడే అమ్మాయి కొంటె సీన్ ఒకటుంది, పోలీస్ స్టేషన్లో డ్రగ్స్ కేసు కుర్రాడొకడు కనిపిస్తాడు. అంతకుమించి తల దించుకునేదేమీ లేదు.

బడి ఎగ్గొట్టడానికి ఫెర్రిస్ వేసే ఎత్తులు మీ బాబుకి నచ్చుతాయి. అరచేతులు నాకి చెమట పట్టినట్టు చూపించడం, మంచం మీద దుప్పటి కింద బొమ్మ, తలుపు తీస్తే అది కదిలేలా తాడూ కప్పీ, దగ్గూ తుమ్మూ కీబోర్డులో రికార్డు చేసి వాయించడం. స్కూల్ డీన్ ఫెర్రిస్ వాళ్ళమ్మతో ఫోన్లో "మీవాడు తొమ్మిది రోజులు రాలేదు" అంటుండగానే ఇటు ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని ఆ 9ని 2కి దించేస్తాడు.

పాపకి నచ్చేది మాత్రం కామెరాన్ అవుతాడు, చూస్తూ ఉండండి. ఫెర్రిస్ వెంట లాక్కుపోయే స్నేహితుడు, జబ్బు మనిషి, తండ్రంటే వణుకు. ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో స్యూరా గీసిన లా గ్రాండ్ జాట్ పెయింటింగ్ ముందు వాడొక్కడే నిలబడతాడు. బొమ్మ మధ్యలో తెల్ల గౌను వేసుకున్న చిన్నపిల్ల ఉంటుంది. కెమెరా ఒకసారి వాడి కళ్ళు, ఒకసారి ఆ పిల్ల ముఖం, మళ్ళీ వాడి కళ్ళు, ఇంకా దగ్గరగా ఆ ముఖం, ఇలా పోయి పోయి చివరికి ముఖమే ఉండదు, రంగు చుక్కలు మిగులుతాయి. మాటల్లేవు. ఆ నిమిషంలో దయచేసి ఎవరూ ఏమీ వివరించకండి. తర్వాత గరాజ్‌లో కారు సీన్ వచ్చినప్పుడు ఇది దానంతటదే అర్థమవుతుంది. ఊరు తిరగడానికి తీసుకెళ్ళిన కామెరాన్ తండ్రి ఫెరారీ మీద ఎక్కిన మైళ్ళు తగ్గించాలని జాకీ మీద ఎత్తి రివర్స్‌లో తిప్పుతారు. మీటర్ ఒక్క మైలూ వెనక్కి పోదు. అక్కణ్ణుంచి మొదలవుతుంది అసలు సినిమా.

ఒక మాట ముందే చెప్పాలి. ఫెర్రిస్ ఇన్ని అబద్ధాలాడినా చివరిదాకా దొరకడు, శిక్ష పడదు. దాని మీద ఏదైనా అనాలని మీకు నోరు దురద పెడుతుంది. ఆపుకోండి.

కారప్పొడి పాప్‌కార్న్:

సినిమా ఏదన్నది పెద్దలు తేల్చేశారు కాబట్టి నేను శనివారం సంగతి చెప్తాను. ఈ సాయంత్రాలు చెడిపోయేది సినిమా వల్ల తక్కువ, ఏర్పాట్ల వల్ల ఎక్కువ.

ముందు మీరొక్కరే చూడండి. పాతికేళ్ళ క్రితం కేబుల్ టీవీలో చూసిన గుర్తు మీద నమ్మకం పెట్టుకోవద్దు, టీవీకి బూతులు, సీన్లు కోసేసి వేసేవాళ్ళు. అద్దెకి తీసుకుంటే ఒక చిక్కుంది. చాలా సర్వీసుల్లో అద్దె కట్టాక 30 రోజుల్లోపు మొదలుపెట్టచ్చు, కానీ ఒకసారి ప్లే నొక్కితే 48 గంటలే. గురువారం సాయంత్రమే మీరు మొదలుపెట్టేస్తే శనివారం రాత్రి సినిమా మధ్యలోనే గడువు దాటి మళ్ళీ డబ్బు కట్టాల్సి రావచ్చు. శుక్రవారం రాత్రి పదికి మొదలుపెట్టండి, ఆదివారం రాత్రి పదిదాకా మీదే. నెల చందాలో దొరికితే ఈ బాధ లేదు.

పబ్లిక్ లైబ్రరీలో డీవీడీ ఉచితంగా దొరుకుతుంది. పెట్టె వెనకాల వైడ్‌స్క్రీన్ అని ఉందో లేదో చూసి తెచ్చుకోండి. ఫెర్రిస్ బాగా వెడల్పు ఫ్రేమ్‌లో తీసిన సినిమా. ఫుల్‌స్క్రీన్ కాపీ అయితే దాదాపు 40 శాతం బొమ్మ పక్కలకి పోతుంది. ఇద్దరు పట్టే కారులో ముగ్గురు ఇరుక్కుని కూర్చునే సీన్లలో ఒకడు తెర బయటే ఉండిపోతాడు.

టీవీలో మోషన్ స్మూతింగ్ ఆపండి. ఎల్‌జీలో ట్రూమోషన్, సోనీలో మోషన్‌ఫ్లో, శాంసంగ్‌లో పిక్చర్ క్లారిటీ అని మెనూలో ఉంటుంది. అది ఉంటే 80ల ఫిల్ము కూడా డైలీ సీరియల్లా జారుతుంది, పిల్లలు "ఇదేంటి ఫేక్‌గా ఉంది" అని మొదటి ఐదు నిమిషాల్లోనే తేల్చేస్తారు. ఫిల్మ్‌మేకర్ మోడ్ ఉన్న టీవీ అయితే అదొక్కటి నొక్కితే చాలు. మాటలు సరిగ్గా వినపడకపోతే వాల్యూమ్ పెంచకండి, సౌండ్ సెట్టింగ్‌లో మాటల్ని పైకి తెచ్చే మోడ్ ఉంటుంది, అది పెట్టండి. లేకపోతే పెరేడ్ పాట దగ్గర ఇల్లెగిరిపోతుంది. ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్ పెట్టేయండి, ఇప్పటి పిల్లలు అవి లేకుండా ఏమీ చూడటం లేదు.

ఇక ఫార్వర్డ్ సంగతి. స్ట్రీమింగ్‌లో ఫార్వర్డ్ పట్టుకుని లాగితే కింద చిన్న చిన్న బొమ్మలు వస్తాయి కదా, ఏ సీన్ దాచాలనుకున్నారో దాన్నే వరసపెట్టి చూపిస్తుంది. పైగా కంగారులో వేలు జారి సరిగ్గా అక్కడే ఆగుతుంది. తప్పదనుకుంటే 10 సెకన్ల జంప్ బటన్ ఉంటుంది. ముందు చూసినప్పుడే ఎన్ని నొక్కులో లెక్కపెట్టుకోండి, ఒక నిమిషం సీన్ అంటే ఆరు నొక్కులు. ఫెర్రిస్‌కి ఇవేమీ అక్కర్లేదు. ఆ నర్సు పాట సీన్‌లో మీరు గొంతు సవరించుకోకుండా, నీళ్ళకోసం లేవకుండా, అత్తగారి వైపు చూడకుండా కూర్చుంటే చాలు. ఇబ్బంది సీన్‌లో ఉండదు, పెద్దవాళ్ళ కదలికలో ఉంటుంది.

అత్తగారికి మొదలుపెట్టే ముందే మూడు ముక్కల్లో కథ చెప్పేయండి: పరీక్ష ఉన్నరోజు జ్వరమని నాటకమాడి కుర్రాడు బడి ఎగ్గొడతాడు, స్నేహితుణ్ణీ ప్రియురాలినీ వేసుకుని ఊరంతా తిరుగుతాడు, బడి పెద్దాయన పట్టుకోవాలని వెంటపడి దెబ్బలు తింటాడు. అంతే. ఆ పెద్దాయన తంటాలు భాష రానివాళ్ళకీ నవ్వొస్తాయి. నడుస్తుండగా తెలుగులో కామెంటరీ చెప్పడం మాత్రం పెట్టుకోవద్దు. పిల్లలకి ఒళ్ళు మండుతుంది, ఆవిడకి సగమే అందుతుంది.

భోజనాలు ముగించి ఏడున్నరకి మొదలుపెడితే తొమ్మిదింపావుకి అయిపోతుంది. తొమ్మిదికి మొదలుపెట్టారో, బాబు నిద్రపోతాడు, పాప ఫోన్ తీస్తుంది. తినడానికి బజ్జీలూ పకోడీలూ వద్దు, వేసేవాళ్ళు సినిమా అంతా వంటింట్లోనే ఉంటారు. పాప్‌కార్న్ చాలు. ఐదుగురికి అరకప్పు గింజలు, మూడు టేబుల్‌స్పూన్ల నూనె, మూతున్న బరువైన పెద్ద గిన్నె. ముందు మూడు గింజలేసి అవి పేలాక దించి మిగతావన్నీ పోసి అర నిమిషం ఆగి మళ్ళీ పొయ్యి మీద పెట్టండి, అన్నీ ఒక్కసారే పేలతాయి, అడుగున మాడవు. మూత కొంచెం వారగా ఉంచాలి, ఆవిరి పోకపోతే రబ్బరులా సాగుతాయి. కారప్పొడి నేరుగా చల్లితే గిన్నె అడుగుకి పోతుంది. రెండు చెంచాల కరిగిన నెయ్యి ముందు కలిపి, తర్వాత కారం. ఉప్పు కూడా మిక్సీలో మెత్తగా తిప్పుకుంటేనే అంటుకుంటుంది.

వరసలు చూసేవాడు:

80లలోనే ఎందుకు ఆగాలి? పాపకి 14 అంటున్నారు కాబట్టి ఫెర్రిస్ తర్వాతి వారానికి క్లూలెస్ (1995) రాసిపెట్టుకోండి. పీజీ-13, 97 నిమిషాలు, దర్శకురాలు ఎమీ హెకర్లింగ్. జేన్ ఆస్టెన్ నవల ఎమ్మాని బెవర్లీ హిల్స్ హైస్కూలుకి తెచ్చారు. హిందీలో 2010లో వచ్చిన ఆయిషా కూడా అదే నవల దారి. పార్టీలో మందూ గంజాయీ ఉన్నాయి, కన్యాత్వం గురించి జోకులున్నాయి, తుపాకీ చూపించి దోచుకునే సీన్ ఒకటి. అయినా సినిమా మనసు మెత్తన.

కానీ అత్తగారు పక్కనుంటే అక్కడొక గొయ్యి ఉంది, ముందే చెప్తున్నా. హీరోయిన్ చెర్ చివరికి ప్రేమించేది జాష్‌ని. వాడు వాళ్ళ నాన్న మాజీ భార్య కొడుకు. మారుటి అన్న అన్నమాట, ఆ పెళ్ళీ ఎప్పుడో విడిపోయింది, రక్తసంబంధం లేదు. అమెరికన్ ప్రేక్షకుడు ఒక క్షణం తడబడి ముందుకెళ్తాడు. మన ఇంట్లో మాత్రం "ఇంతకీ వీడు దానికేమవుతాడు?" అన్న ప్రశ్న వచ్చిందంటే సినిమా ఆగుతుంది. ఆ అమ్మాయి ఇంకా డ్రైవింగ్ టెస్టు తప్పే వయసు, అతను కాలేజీ కుర్రాడు, ఆ తేడా కూడా పాపతో మాట్లాడదగ్గదే.

10 థింగ్స్ ఐ హేట్ అబౌట్ యూ (1999) ఇంకా మనకి దగ్గర. అక్క ఎవరితోనైనా తిరిగితేనే చెల్లికి అనుమతి అని తండ్రి పెట్టే షరతు వినగానే ముందు పెద్దదాని పెళ్ళి అనే మన ఇళ్ళు గుర్తురాక మానవు. షేక్‌స్పియర్ టేమింగ్ ఆఫ్ ద ష్రూ దాని మూలం. మన గుండమ్మ కథ (1962) మీద కూడా ఆ నాటకం నీడ ఉందంటారు. గయ్యాళి పిల్లని దారికి తెచ్చే కథ ఎన్టీఆర్, ఏఎన్నార్ కాలంలో ఎలా చెప్పారు, 1999లో సియాటిల్ దగ్గర ఎలా చెప్పారు అని రెండూ ఒకే వారాంతంలో వేస్తే అమ్మమ్మకీ మనవరాలికీ ఇద్దరికీ మాట్లాడటానికి ఉంటుంది. జమున వేసిన సరోజ పాత్రని ఎవరు, ఎలా దారికి తెచ్చారు, 10 థింగ్స్‌లో అక్క కాట్‌ని ఎవరూ దారికి తేకపోవడం ఎందుకు నచ్చుతుంది, అదే చర్చ. ఇందులోనూ తాగుడు పార్టీ, మోటు జోకులు ఉన్నాయి, స్కూలు కౌన్సెలర్ ఆఫీసులో కూర్చుని శృంగార నవల రాసుకుంటూ ఉంటుంది. అందుకని గుండమ్మ కథ అందరితో, రెండోది పాపతో మాత్రమే.

మీన్ గర్ల్స్ (2004) గురించి ఒక్క ముక్క. అందులో కెవిన్ నపూర్ అనే లెక్కల పోటీ కుర్రాడు ఉంటాడు, ఆ పాత్ర వేసింది తమిళ మూలాలున్న కెనడా నటుడు రాజీవ్ సురేంద్ర. లెక్కల పిల్లాడు అన్న మూస వాడుకుంటూనే స్టేజీ మీద ర్యాప్ పాడిస్తారు, వాడి ఆత్మవిశ్వాసమే నవ్వు. లాంగ్ డక్ డాంగ్‌ని చూసి నవ్వడానికీ కెవిన్‌తో కలిసి నవ్వడానికీ తేడా మన పిల్లలు మనకన్నా ముందు పసిగడతారు.

లైబ్రరీ టేబుల్:

పాత క్యాసెట్ గారితో ఒక్కచోట విభేదిస్తాను. బ్రేక్‌ఫస్ట్ క్లబ్‌ని 16 దాకా దాచనక్కర్లేదు. 14కి హైస్కూల్ మొదలవుతుంది, ఎవరు ఏ టేబుల్ దగ్గర కూర్చుంటారో అన్న బాధ మొదటి ఏడాదే ఎక్కువ. ఆ సినిమా పనికొచ్చేది అప్పుడే. అయితే రెండు షరతులు. తమ్ముడు ఉండకూడదు. బ్రయాన్ సంగతి ముందే ఒక వాక్యంలో చెప్పాలి: "ఇందులో ఒక కుర్రాడు మార్కుల వల్ల చచ్చిపోవాలనుకున్న విషయం వస్తుంది, వద్దనుకుంటే ఎక్కడైనా ఆపుదాం." సర్‌ప్రైజ్‌గా రాకూడనివి అలాంటివే. మీ పిల్ల ఇప్పటికే మార్కుల ఒత్తిడిలో బాగా కుంగి ఉందనిపిస్తే సినిమా పక్కన పెట్టి ముందు ఆ మాట మాట్లాడండి. బెండర్ అనే కుర్రాడు టేబుల్ కింద దూరి క్లెయిర్ అనే అమ్మాయి స్కర్టు లోపలికి చూసే సీన్ కూడా ఉంది. దాన్ని "ఆ రోజుల్లో అలా ఉండేది" అని దాటేస్తే ఆ అమ్మాయి పడిన అవమానానికి మీరు ఓటేసినట్టే పిల్లలకి అనిపిస్తుంది. "ఇది నాకు నచ్చలేదు" అంటే చాలు, మూడు మాటలు.

మాట్లాడటం గురించి. లెక్చర్ వద్దంది కదా, మంచిదే. సినిమా అయిపోయిన వెంటనే లైట్లు వేసి "ఏం నేర్చుకున్నావు" అని మొదలుపెట్టకండి. మర్నాడు కారులో, లేదా గిన్నెలు తుడుస్తున్నప్పుడు, అంటే ఇద్దరి కళ్ళూ వేరే పని మీద ఉన్నప్పుడు ఒకే ఒక్క ప్రశ్న. ఆ ప్రశ్న పాత్ర గురించే ఉండాలి, పిల్ల గురించి కాదు. "నువ్వూ ఇలా క్లాసులు ఎగ్గొడుతున్నావా?" అన్నారంటే తలుపు మూసుకుపోయినట్టే. ఫెర్రిస్‌కి నేనైతే ఇది అడుగుతాను: ఆ రోజు సెలవు ఎవరికి ఎక్కువ అవసరం, ఫెర్రిస్‌కా కామెరాన్‌కా? ఇంకోటి: ఫెర్రిస్‌కి అన్నీ చెల్లుతున్నాయని రగిలిపోయే తోబుట్టువు జీనీది తప్పా? ఇంట్లో తమ్ముడున్న అక్కకి ఈ రెండో ప్రశ్నకి జవాబు పావుగంట వస్తుంది, మీరు వినడమే.

జవాబు "తెలీదు" అని వస్తే వదిలేయండి. రెండు వారాల తర్వాత వేరే మాటల మధ్య దానంతటదే వస్తుంది.

పిల్లలు "క్రింజ్" (ఎబ్బెట్టుగా ఉంది) అన్నప్పుడు వాదించకండి. దేన్ని క్రింజ్ అన్నారో గమనించండి. హెయిర్‌స్టైల్‌నైతే నవ్వేయండి. బ్రేక్‌ఫస్ట్ క్లబ్‌లో అలిసన్ అనే అమ్మాయిని చివర్లో ముస్తాబు చేసి "అందంగా" మార్చేసే సీన్‌ని అంటే, ఆ పిల్ల సినిమాని మీకన్నా బాగా చూసింది.

శేరిలింగంపల్లి:

ఇండియాల ఉండి పిల్లలకు చూపెట్టేటోళ్ల కోసం రెండు ముచ్చట్లు. మన దగ్గర ఓటీటీల మీద 2021 నుంచి యూ, యూ/ఏ 7+, 13+, 16+, ఏ అని వయసు గుర్తు ఉంటది. 13+ నుంచి పైకి లాక్ పెట్టుకునే సౌకర్యం ఇయ్యాలని రూల్. అంటే పిల్లల ప్రొఫైల్ల దొరకకపోతే సినిమా లేదని కాదు, పెద్దోళ్ల ప్రొఫైల్ల పిన్ కొట్టి వెతకున్రి. అమెరికా రేటింగూ మన రేటింగూ ఒకటే అనుకోవద్దు, రెండూ చూసుకోవాలె.

ఇంకోటి, మాటల తిరకాసు. ఇంజినీరింగ్ చదివినోళ్లకు "డిటెన్షన్" అంటే అటెండెన్స్ 65 శాతం కూడా లేక ఏడాది పోవుడు. బ్రేక్‌ఫస్ట్ క్లబ్ల డిటెన్షన్ అంటే శనివారం పొద్దుగాల వచ్చి లైబ్రరీల కూర్చునే శిక్ష, గంతే. అమ్మానాన్నలు గా సంగతి తెలియక "అయ్యో ఏడాది పోయిందా" అని కూర్చుంటరు. ఫెర్రిస్‌ని సీనియర్ అంటరు, అది మన సీనియర్ ఇంటర్ అనుకోండి సరిపోతది. అటెండెన్స్ తక్కువైతే కట్టే కండోనేషన్ ఫీజు కట్టిన నాన్నలు ఆ తొమ్మిది ఆబ్సెంట్లకు డీన్ ఎందుకంత ఆగమైతుండో అని నవ్వుకుంటరు.

నేపర్‌విల్ నాన్న:

అందరికీ థాంక్స్. ఫెర్రిస్ ఫిక్స్. సిక్స్‌టీన్ క్యాండిల్స్ పీజీ కథ నాకు అస్సలు తెలీదు, బతికించారు. ఆఖరి డౌట్: ఇరవై నిమిషాలకే పాప ఫోన్ తీస్తే ఏం చేయాలి? ఆదివారం పిల్లల్ని డౌన్‌టౌన్ తీసుకెళ్ళి ఆ చోట్లు చూపిద్దామని కూడా ఉంది. ఏవి ఇంకా ఉన్నాయి?

పాత క్యాసెట్:

ఫోన్లు అన్నీ ఒక బుట్టలో, మీదీ అందులోనే, ముందు మీదే పడాలి. గడువు నిమిషాల్లో పెట్టకండి, సీన్‌తో పెట్టండి: "ఎర్ర కారు గరాజ్ దాటేదాకా చూడు, అప్పటికీ నచ్చకపోతే ఆపేద్దాం." ఆపేద్దామన్న మాట మీద నిలబడాలి కూడా. చాలామటుకు ఆ అవసరం రాదు. ఫెర్రిస్ కథ మధ్యలో కెమెరా వైపు తిరిగి మనతో నేరుగా మాట్లాడతాడు, రీల్స్ చూసే పిల్లలకి అది చాలా అలవాటైన ధోరణి. వాళ్ళకి సాగదీతగా అనిపించేది ఎకనామిక్స్ టీచర్ హాజరు పిలిచే క్లాసు. అది సాగాలనే తీశారు. ఆ టీచరు వేషం వేసిన బెన్ స్టైన్ 1930 నాటి స్మూట్-హాలీ టారిఫ్ చట్టం గురించి అప్పటికప్పుడు సొంతంగా చెప్పిన పాఠమది. వెనక కూర్చున్న పిల్లల ముఖాలు చూడమనండి, ఒకడు చొంగ కారుస్తూ నిద్రపోతాడు.

ఆదివారానికి: స్యూరా బొమ్మ ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లోనే ఉంది. దాదాపు 2 మీటర్ల ఎత్తు, 3 మీటర్ల వెడల్పు. ముందు గది అవతలి చివర నిలబెట్టి, తర్వాత ఒక్కో అడుగూ దగ్గరికి తీసుకెళ్ళండి. ఏ అడుగు దగ్గర పిల్ల ముఖం చుక్కలైపోయిందో వాళ్ళనే చెప్పమనండి. సినిమాలో సియర్స్ టవర్ 2009 నుంచి విల్లిస్ టవర్. అద్దానికి నుదురు ఆనించి కిందికి చూసే సీన్ 103వ అంతస్తుది. ఇప్పుడక్కడ బయటికి పొడుచుకొచ్చిన గాజు పెట్టెలు కూడా పెట్టారు, ఎత్తు భయం ఉన్నవాళ్ళని బలవంతం చేయకండి. రిగ్లీ ఫీల్డ్ ఉండనే ఉంది. బ్రేక్‌ఫస్ట్ క్లబ్ తీసిన స్కూలు డెస్ ప్లెయిన్స్‌లో ఉండేది. షూటింగ్ నాటికే మూతపడింది, ఆ లైబ్రరీ కూడా జిమ్‌లో వేసిన సెట్టే. లోపలికెళ్ళి చూడటానికేమీ లేదు, ఆ పెట్రోలు మిగుల్చుకోండి.

కారప్పొడి పాప్‌కార్న్:

ఒకటి మర్చిపోయా. మొదలుపెట్టే ముందే సెట్టింగ్స్‌లో ఆటోప్లే ఆపేయండి. ఫెర్రిస్‌లో పేర్లు పడుతుండగా డీన్‌కి స్కూల్ బస్సులో ఇంకో అవమానం ఉంది, పేర్లన్నీ అయిపోయాక ఫెర్రిస్ మళ్ళీ వస్తాడు. ఆటోప్లే ఉంటే పేర్లు మొదలవగానే బొమ్మ మూలకి కుంచించుకుపోయి వేరే సినిమా ట్రైలర్ మొదలవుతుంది. రిమోట్ అత్తగారి దగ్గర ఉంటే ఇంకా ముందే ఆగిపోతుంది, కాబట్టి ఆ పది సెకన్లు రిమోట్ మీ చేతిలో ఉండేట్టు చూసుకోండి.